కాసెల్ చిరునామా

1963 జూన్‌లో వరసగా రెండు ఆదివారాలు అమ్మ కనపడలేదు.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి రుప్పినర్ వీధి ఆ చివర ఒక తపాలా పెట్టె పక్కన వచ్చి నిలబడేది. ఈ చివర మేం. మధ్యలో తూర్పు, పడమటి బెర్లిన్‌లని విడదీసిన గోడ, గోడ వెనక ముళ్లకంచె, కంచె వెనక తుపాకులు తగిలించుకున్న సైనికులు. మా ఆయన ఆర్నో ఇంట్లోని చెక్క నిచ్చెన మోసుకొచ్చి ఇవతల వేసేవాడు. మా ఐదేళ్ల కూతురు ఉటెని చంకనేసుకుని నేను మూడో మెట్టు దాకా ఎక్కేదాన్ని. అంత దూరాన అమ్మ మొహం కంటికి ఆనేది కాదు. పసుపుపచ్చ తలగుడ్డ మాత్రం తెలిసేది. చెయ్యి ఊపితే సైనికులు వచ్చి తరిమేస్తారు. అందుకని ఆ తలగుడ్డ విప్పి మళ్లీ కట్టుకునేది. నేనూ నా తలగుడ్డ విప్పి కట్టుకునేదాన్ని. రెండేళ్లుగా మా తల్లీకూతుళ్ల మాటామంతీ అదే.

"జలుబు చేసుంటుందిలే," అన్నాడు ఆర్నో మొదటి ఆదివారం.

రెండో ఆదివారం నిచ్చెన భుజాన వేసుకుని ముందు నడిచాడు.

రాసిన రెండు ఉత్తరాలకీ జవాబు లేదు. రెండు బెర్లిన్ల మధ్యా టెలిఫోను తీగలు ఎప్పుడో తెంపేశారు. అమ్మ ఇల్లు మా ఇంటి నుంచి నడిస్తే ఇరవై నిమిషాలు. ఏ దేశం వాడైనా వీసా ముద్ర వేయించుకుని ఆ గోడ దాటి వెళ్లి రావచ్చు. పశ్చిమ జర్మనీ వాళ్లూ పాస్‌పోర్ట్ చూపించి ఒక పూట వెళ్లి రావచ్చు. పడమటి బెర్లిన్‌లో కాపురం ఉండే మాకే లేదు.

ఆ వారం మా ఇంట్లో ఇంకో గొడవ కూడా నలుగుతోంది. ఆర్నోకి పశ్చిమ జర్మనీలో, కొలోన్‌లో ఉద్యోగం వచ్చింది.

"నెలాఖరుకల్లా జవాబివ్వాలి రెనాతె," అన్నాడు, ఉడికిన బంగాళాదుంప చిదుపుతూ. "లేత్ యంత్రం మీద పని. ఇల్లు వాళ్లే ఇస్తారు. కిటికీ తీస్తే చెట్టు కనపడుతుందిట."

"నేను చెట్టుని చూస్తూ కూచుంటే అమ్మ ఎవర్ని చూస్తుంది?"

"మీ అమ్మ నీ తలగుడ్డ చూసి బతుకుతోందా?"

"అవును."

ఫోర్కు బల్ల మీద పెట్టేశాడు. ఆర్నో పిరికివాడు కాదు. యుద్ధంలో పదహారేళ్లప్పుడే రష్యా ట్యాంకుల ముందు పడుకున్నవాడు. కానీ గోడ లేచిన దగ్గర్నుంచీ నిద్ర సరిగ్గా పోవడం లేదు. కిందటి అక్టోబరులో క్యూబాలో క్షిపణుల గొడవ వచ్చినప్పుడు, ఇక యుద్ధమేనని, ఇంట్లో ఉన్న గిన్నెలన్నిట్లోనూ నీళ్లు నింపాడు. ఉటెకి పది రోజులు బూట్లు విప్పనివ్వలేదు.

"అమెరికావాళ్లు మనల్ని అమ్ముకునే రోజు పేపర్లో కూడా వెయ్యరు," అన్నాడు. "ఒక పొద్దున్న లేచి చూస్తే వీధిలో వేరే యూనిఫాం ఉంటుంది. అంతే. అప్పుడు నిచ్చెన వేసుకుని ఎక్కడికి ఎక్కుతావు?"

నేను ఉటె కంచంలో ఇంకో దుంప వేశాను.

ఆ శుక్రవారం రేడియోలో కొత్త ఆంక్ష చెప్పారు. ఇకనుంచి అటువైపు గోడకి వంద మీటర్ల లోపు, అక్కడ కాపురం ఉండేవాళ్లు తప్ప ఎవరూ రాకూడదు. ఆదివారం వెళ్లి నిచ్చెన ఎక్కితే తపాలా పెట్టె దగ్గర ఈగ కూడా లేదు. ఉటె అటు చూసి, "అమ్మమ్మ మనమీద కోప్పడిందా?" అంది. ఆర్నో దాన్ని దించి నా వంక చూశాడు. ఇంకా ఏం పట్టుకుని వేలాడతావన్నట్టుంది ఆ చూపు.

మెట్ల దగ్గర కింది వాటా పాగెల్ గారు కిటికీలో దిండు వేసుకుని మోచేతులు ఆనించి ఉంది. ఆమె పొద్దంతా అక్కడే.

"ఏం ఆర్నో, మూట కట్టేశావటగా? మంచిదే. మీరంతా పోతే మెట్లు తుడవలేదని నేను ఎవర్ని తిట్టను? ఆ సైనికుల్ని పిలిచి తిట్టాలి."

"వాళ్లు మీ నోటికి జడిసి గోడ ఇంకో వరస లేపుతారు పాగెల్ గారూ," అన్నాడు ఆర్నో. ఇద్దరూ నవ్వలేదు.

*

మంగళవారం పశ్చిమ జర్మనీలోని కాసెల్ నుంచి ఓటీలి పిన్ని వచ్చింది. అమ్మకి చెల్లెలు. అక్కడ తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని. నేను ఉత్తరం రాస్తే, సెలవు పెట్టి, రైలెక్కి వచ్చేసింది. ఆమెది కాసెల్ పాస్‌పోర్ట్, కాబట్టి వెళ్లగలదు. బుధవారం పొద్దున్న వెళ్లి సాయంత్రానికి తిరిగొస్తానంది. గురువారం మళ్లీ పన్లోకి ఎక్కాలి.

"రేపా? రేపు ఊరంతా అమెరికా అధ్యక్షుణ్ణి చూడ్డానికి ఎగబడుతుంటే నువ్వు అటు పోతావా పిన్నీ?"

"ఆయన్ని చూడ్డానికి ఊరంతా ఉంది. మా అక్కని చూడ్డానికి నేనొక్కదాన్నే ఉన్నాను," అంది పిన్ని, సంచీలో కాఫీ పొడి, మేజోళ్లు, నారింజలు సర్దుతూ.

బుధవారానికి బళ్లకీ ఫ్యాక్టరీలకీ సెలవిచ్చారు. మా వీధిలో ప్రతి కిటికీకీ జెండా వేలాడింది. ఆర్నో పెళ్లినాటి సూటు తీసి తొడుక్కున్నాడు. బొత్తం పట్టలేదు.

"నువ్వు ఆయన్ని నమ్మవుగా, మరెందుకు వెళ్లడం?" అన్నాను.

"మొహం చూస్తే తెలిసిపోతుంది, మనల్ని అమ్ముతాడో లేదో. ఫ్యాక్టరీలో మేస్త్రీ మొహం చూసి బోనస్ ఇస్తాడో లేదో చెప్పేవాణ్ణి నేను." ఉటెని భుజాల మీదికి ఎత్తుకున్నాడు. "నువ్వూ రా. వంతెన దగ్గర నిలబడితే పిన్ని తొందరగా వస్తుందా?"

"రాదు."

"మరి?"

"అయినా నిలబడతాను."

పిన్నీ నేనూ తొమ్మిదింటికి బోర్న్‌హోమ్ వంతెనకి నడిచాం. రైలు పట్టాల మీద ఇనుప వంతెన అది. ఇవతల మన పోలీసు ఒకడు, అవతలి కొసన వాళ్ల కొయ్యగేటు. పిన్ని సంచీ ఊపుకుంటూ ఏదో సంతకి పోతున్నట్టు నడిచి వెళ్లింది. గేటు దగ్గర ఆగింది. పది నిమిషాలు కూడా కాలేదు, లోపలికి వెళ్లిపోయింది. రెండేళ్లుగా నేను నిచ్చెన మీంచి చూస్తున్న చోటికి ఆమె పది నిమిషాల్లో వెళ్లిపోయింది.

వంతెన మొదట్లో పేపర్లూ చుట్టలూ అమ్మే చిన్న దుకాణం ఉంది. దుకాణాయన రేడియో గొంతు పెద్దది చేసి కిటికీలో పెట్టాడు. వీధిలో మనుషుల్లేరు. ఊరి జనమంతా అవతల షోనెబెర్గ్ టౌన్‌హాల్ దగ్గరుంది. నాకు ఆ రేడియోలో గాలి హోరులా వినపడుతున్నది జనం అని కాసేపటికి గాని అర్థం కాలేదు. అంత జనంలో ఉటె బూటు ఊడిపోతే ఎలా అనుకున్నాను. అమ్మ ఇంట్లో ఉందో లేదో అనుకున్నాను. తలుపు కొడితే ఎవరో కొత్తవాళ్లు తీస్తారేమో అనుకున్నాను. వంతెన మీద ఎవరు కనపడ్డా లేచి నిలబడి, కాదని తెలిసి కూర్చుంటున్నాను.

మధ్యాహ్నం ఒంటిగంట అవుతుండగా ఆయన మాట్లాడాడు. ఇంగ్లీషు ముక్కా, వెంటనే మన జర్మన్ భాషలో దాని అర్థం, ఆ వెనకే హోరు. దుకాణాయన టోపీ తీసి పట్టుకున్నాడు. పోలీసు కూడా నాలుగడుగులు దగ్గరికి జరిగాడు. అప్పుడు ఆయన తానే మన భాషలో ఒక్క వాక్యం అన్నాడు. పరాయి నోట్లో కాస్త వంకరపోయినా స్పష్టంగానే వినపడింది. తనూ బెర్లిన్ వాణ్ణేనని.

రేడియో బద్దలవుతుందేమో అనిపించింది. దుకాణాయన చేతిరుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని గట్టిగా ఏడ్చేశాడు. అరవై ఏళ్ల మనిషి.

"విన్నావా అమ్మా? విన్నావా? ఆయనా మనవాడేనట!"

"ఆఁ, విన్నాను."

"విని, అలా కొయ్యలా ఉన్నావేం?"

"మా పిన్ని రావాలండీ అటునుంచి."

ఆయన నన్నూ వంతెననీ మార్చి మార్చి చూశాడు. లోపల్నుంచి ముక్కాలిపీట తెచ్చి వేశాడు. నిమ్మసోడా ఒకటి మూత తీసి చేతికిచ్చాడు.

ఐదు దాటాక పిన్ని వచ్చింది. సంచీ పొద్దుటి బరువుతోనే ఉంది. అది చూసి పీట మీంచి లేచాను.

"బతికే ఉందా?"

"ఉంది. కూచో ముందు."

"నిలబడే వింటాను, చెప్పు."

"నెల మొదట్లో మెట్ల మీద పడిపోయిందిటే రేనీ. పక్షవాతం. కుడి వైపంతా పోయింది. ఆస్పత్రిలో ఉంది. ఇంటికి తాళం ఉంటే పక్కింటి తలుపు కొట్టాను. పక్కింటావిడ చెప్పింది. నీకు ఉత్తరం రాద్దామంటే ఆవిడకి నీ చిరునామా తెలీదుట." పిన్ని సంచీ కింద పెట్టింది. "కాఫీ మింగలేదు. నారింజ రసం చెంచాతో పోస్తే రెండు గుటకలు తాగింది."

"మాట?"

"ముద్దముద్దగా వస్తోంది. నన్ను చూసి, నువ్వనుకుని, 'రేనీ' అంది."

"నువ్వేమన్నావు?"

"ఏమనను? కాదన్లేకపోయాను. ఆఁ అన్నాను."

వంతెన దగ్గర్నుంచి ఇంటివైపు నడిచాం. ఎదురుగా జనం గుంపులు గుంపులుగా జెండాలు పట్టుకుని తిరిగొస్తున్నారు. ఎవరో ముసలాయన పిన్ని చెయ్యి పట్టుకుని ఊపి, మా ఊళ్లోకి స్వాగతమమ్మా అన్నాడు. పిన్ని సంచీ నేను అందుకున్నాను.

"గేటు దగ్గర నిన్ను ఏమడిగారు?"

"ఎక్కడుంటారన్నాడు. కాసెల్ అన్నాను. సంచీ చూశాడు, ముద్ర వేశాడు."

"అంతేనా?"

"అంతే."

మరో వీధి దాటాం.

"పిన్నీ, మీ ఇంట్లో గదులెన్ని?"

*

ఆర్నో ఆరున్నరకి వచ్చాడు. గొంతు పూర్తిగా పోయింది. మొహం ఎండకి కందిపోయి ఉంది. ఉటె భుజం మీద నిద్రపోతోంది, ఒక బూటు లేదు. పెళ్లయిన కొత్తలో తప్ప అతని మొహం అలా వెలగడం నేను చూడలేదు.

"మనం ఎక్కడికీ వెళ్లటం లేదు రెనాతె," అన్నాడు, గుసగుసలాంటి గొంతుతో. "దార్లోనే కార్డు రాసి డబ్బాలో పడేశాను, మీ ఉద్యోగం వద్దని. నువ్వే గెలిచావు. చూడాల్సింది నువ్వు! పక్కన ఎవడో తెలీదు, నన్ను వాటేసుకున్నాడు. నేనూ వాటేసుకున్నాను. రెండేళ్లు ఎలుకల్లా బతికాం. ఇంక నేను భయపడను."

అప్పుడు పిన్నిని చూశాడు. నన్ను చూశాడు. ఉటెని మంచం మీద పడుకోబెట్టి వచ్చాడు.

అమ్మ సంగతి చెప్పాను. వింటూ కుర్చీలో కూర్చున్నాడు. చెప్పడం అయ్యాక, "నేను కాసెల్ వెళ్తాను," అన్నాను. "పిన్ని చిరునామా మీద పేరు రాయించుకుంటాను. అక్కడి పాస్‌పోర్ట్ తీసుకుంటాను. అప్పుడు నన్ను పోనిస్తారు."

"వెళ్లి రావడానికా?"

"కాపురానికి. ఉత్తుత్తిగా రాయించుకుంటే దొరికిపోతాను. ఆ గేటు వాళ్లు అన్నీ వాకబు చేస్తారుట."

"ఉటె?"

"నాతో."

ఆర్నో నవ్వబోయాడు. గొంతు సహకరించక దగ్గు వచ్చింది. "రెండేళ్లు పోదాం పోదాం అని నీ కాళ్లావేళ్లా పడ్డాను. రానన్నావు. ఈ రోజు అంత పెద్ద మనిషి వచ్చి, మా మధ్య నిలబడి, నేనూ ఇక్కడివాణ్ణే అని చెప్పి వెళ్లాడు. ఈ రోజే నువ్వు ఇక్కడిదాన్ని కాదని రాయించుకోడానికి పోతానంటున్నావు."

"అవును."

"నవ్వొస్తోంది నాకు."

"నాకు రావటం లేదు ఆర్నో. ఆయన మంచి మాటే చెప్పాడు. నేనూ విన్నాను. ఆ మాట చూపిస్తే గేటు తియ్యరు."

పిన్ని లేచి, కిటికీ వేయడానికన్నట్టు అవతల గదిలోకి వెళ్లింది. ఆర్నో తన పెళ్లి సూటు మోచేతికి అంటిన సున్నం గీరుతూ కూర్చున్నాడు. తనూ వస్తానంటాడేమో అనుకున్నాను. అనలేదు. రమ్మని నేనూ అడగలేదు. ఆ రోజు అతనికి మొలిచిన వెన్నెముక నా చేత్తో నేను విరవలేను.

"నేను ఉంటాను," అన్నాడు చివరికి. "ఇల్లు ఉంచుతాను. మీ సామాను ఇక్కడే ఉండనీ."

శనివారం మా పెట్టె అతనే మోశాడు. కిటికీలో పాగెల్ గారు దిండు మీంచి లేచి నిలబడింది. "పారిపోయేది నువ్వటే?" అంది నాతో. "వాడనుకున్నాను."

నేను తలొంచుకుని దాటిపోయాను.

*

కాసెల్‌లో పాస్‌పోర్ట్ చేతికి రావడానికి ఏడు వారాలు పట్టింది. కౌంటర్లో గుమస్తా నా కాగితాలు చూసి, "అందరూ బెర్లిన్ వైపు మొహం పెట్టుకుని చప్పట్లు కొడుతుంటే, మీరు అక్కణ్ణుంచి ఇటొచ్చారా?" అన్నాడు. బయటికి వచ్చి తపాలా ఆఫీసు గోడకి ఆనుకుని నిలబడ్డాను, పిన్ని పని దిగేవరకూ. ప్రతి రోజూ సాయంత్రం అడిగేది ఒకటే: తూర్పు నుంచి ఏమన్నా వచ్చిందా? పక్కింటావిడ వారానికో కార్డు రాస్తానంది. రెండు వారాలు రాకపోతే నాకు అన్నం దిగేది కాదు.

ఆర్నో ఆదివారాలు ఉత్తరం రాసేవాడు. నాలుగే లైన్లు: గుండీ కుట్టుకున్నాను. పాగెల్ గారు సూప్ పంపింది. ఉటెకి ముద్దులు. రుప్పినర్ వీధికి వెళ్లొచ్చాను, ఎవరూ లేరు.

పిన్ని రోజూ నాకు మాట నేర్పేది. "బెర్లిన్ యాస తగ్గించు పిల్లా. నువ్వు నోరు తెరిస్తే చాలు, మీ వెడ్డింగ్ పేటలో ట్రాము దిగినట్టుంది. గేటు దగ్గర తక్కువ మాట్లాడు."

"నాకు చేతకాదు పిన్నీ."

"అయితే పంటినొప్పి ఉన్నట్టు పెట్టు మొహం."

ఆగస్టు ఆఖరి శనివారం, ఉటెని పిన్ని దగ్గర వదిలి, ఒక్కదాన్నే ఆ వంతెన మీద నడిచాను. పిల్ల నోటెంట నాన్న ఎక్కడుంటాడో వస్తే అంతా అయిపోతుందని భయం. గేటు దగ్గరి కుర్ర సైనికుడికి పాతికేళ్లుంటాయి. పాస్‌పోర్ట్ అటూ ఇటూ తిప్పాడు.

"పుట్టింది బెర్లిన్‌లో."

"అవునండీ."

"ఎక్కడుంటారు?"

"కాసెల్."

"మాట వింటే అలా లేదే."

నేర్చుకున్నదంతా ఎగిరిపోయింది. "మా అమ్మ మాట," అన్నాను. "ఆవిడ దగ్గర నేర్చుకున్నదే కదండీ నోటికి వచ్చేది."

"ఎవర్ని చూడ్డానికి?"

"ఆవిడ్నే."

నా మొహం చూశాడు. ఆ తర్వాత ముద్ర వేశాడు. ఎందుకు వేశాడో ఇప్పటికీ తెలీదు.

ఆస్పత్రిలో అమ్మ కిటికీ పక్క మంచంలో ఉంది. జుట్టు కురచగా కత్తిరించేశారు. నేను దగ్గరికి వెళ్లగానే ఎడమ చెయ్యి ఎత్తి నా చెవి, గడ్డం, మెడ తడిమింది, అంగట్లో గుడ్డ నాణ్యం చూసినట్టు. అప్పుడు ఏడ్చింది. మొహంలో సగమే ఏడ్చింది. నేను చెప్పాలనుకున్నవి రెండేళ్లవి ఉన్నాయి. నర్సుని అడిగి కత్తెర తీసుకుని అమ్మ గోళ్లు కత్తిరించాను. పది వేళ్లవీ అయ్యాక కాళ్లవి మొదలుపెట్టాను. సాయంత్రం దాకా అదే పని అన్నట్టు నెమ్మదిగా కత్తిరించాను.

చలికాలం వచ్చేలోపు ఐదుసార్లు వెళ్లాను. అక్టోబరులో అమ్మని ఇంటికి పంపారు. పక్కింటావిడ చూసుకునేది.

డిసెంబరులో రెండు ప్రభుత్వాలూ ఏదో ఒప్పందం చేసుకుని, క్రిస్మస్ పండుగ రోజులకి మాత్రం పడమటి బెర్లిన్ వాళ్లని బంధువుల్ని చూడనిచ్చాయి. ఆర్నో మంచులో పదకొండు గంటలు వరసలో నిలబడి అనుమతి చీటీ తెచ్చుకున్నాడు. కాసెల్ నుంచి నేను ఉటెతో ముందురోజే వచ్చాను. ఆర్నోకి ఇన్వాలిదెన్ వీధి గేటు. నాకు బోర్న్‌హోమ్ వంతెన. ఉటె పేరు వాళ్ల నాన్న చీటీలో రాయించాం. ఒకే ఇంట్లోంచి బయల్దేరి మేం రెండు గేట్లలోంచి అమ్మ ఇంటికి వెళ్లాం.

గది చల్లగా ఉంది. అమ్మ కుర్చీలో దుప్పటి కప్పుకుని ఉంది. ఆర్నోని చూసి ఏదో అంది, ఎవరికీ అర్థం కాలేదు. అతను ఒంగి ఆమె నుదుటి మీద ముద్దు పెట్టి, కోటు విప్పి, బకెట్ తీసుకుని కింద నేలమాళిగలోకి వెళ్లాడు. బొగ్గు తెచ్చి కుంపటి రాజేశాడు. మళ్లీ వెళ్లాడు. ఆ సాయంత్రమంతా బొగ్గు మోస్తూనే ఉన్నాడు. గది మూల నడుమెత్తు పేర్చేశాడు. ఫిబ్రవరిలో అమ్మ పోయేనాటికి కూడా అందులో కొంత మిగిలే ఉందని పక్కింటావిడ రాసింది.

చీకటి పడ్డాక వీధి మలుపు దాకా కలిసి నడిచాం. అక్కణ్ణుంచి వాళ్లిద్దరూ ఎడమకి, నేను కుడికి. ఆర్నో చేతులు ఇంకా నల్లగానే ఉన్నాయి.

"ఇంటికే కదా?" అన్నాడు.

"ఇంటికే."

వంతెన మీద ఆలస్యమైంది. నేను మా ఇంటి మెట్లెక్కేసరికి వాళ్లు ముందే చేరి, సూప్ వేడి చేసుకుని, తినకుండా కూర్చుని ఉన్నారు.